మళ్లీ వాడే పార్సిల్ డబ్బాల గురించి కస్టమర్లను ఎలా అడగాలి?

పార్సిల్‌ను మళ్లీ వాడే డబ్బాల్లో ఇస్తే కస్టమర్లు ఏమనుకుంటారో సర్వేతో తెలుస్తుందా అని అడిగారు. కొంతవరకే తెలుస్తుంది.

"పర్యావరణానికి మేలు చేసే డబ్బా వాడతారా?" అంటే కాదనేవాళ్లు దాదాపు ఉండరు. మంచివాళ్లుగా కనబడాలని అందరికీ ఉంటుంది కదా. అందుకే అభిప్రాయం కాకుండా జరిగింది అడగండి: "పోయినసారి పార్సిల్ తిన్నాక డబ్బా ఏం చేశారు?" కడిగి దాచానంటే, అది ఇప్పుడెక్కడుందని కూడా అడగండి. అసలు ఇబ్బందులు అప్పుడే బయటికొస్తాయి: మూత సరిగా పట్టకపోవడం, నూనె వాసన వదలకపోవడం, తిరిగివ్వడానికి మళ్లీ అంత దూరం వెళ్లాల్సి రావడం, ఇంతకుముందు ఇందులో ఎవరు తిన్నారోనన్న అనుమానం. నా దృష్టిలో ఈ చివరిదే అన్నిటికంటే మొండిది. మాటలతో పోదు. ఖాళీ డబ్బా చేతికివ్వండి. మూత తీసి వాసన చూస్తారా, అంచు గాడిలో వేలు పెట్టి తడుముతారా గమనించి రాసుకోండి.

డబ్బు సంగతి మాత్రం ఊహమీద అడగొద్దు, కొన్ని వారాలు నిజంగా అమలుచేసి చూడండి. బ్రిటన్‌లోని కార్డిఫ్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో ప్రచురించిన కాఫీ కప్పుల ప్రయోగంలో, సొంత కప్పు తెచ్చినవాళ్లకు డిస్కౌంట్ ఇస్తే ఫలితం కనబడలేదు. పారేసే కప్పుకు విడిగా ఛార్జీ వేస్తే మాత్రం సొంత కప్పుల వాడకం పెరిగింది.

ఎన్ని డబ్బాలు వెళ్లాయి, ఎన్ని రోజులకు ఎన్ని తిరిగొచ్చాయి అన్నది లెక్కపెట్టండి. ఒకసారి తీసుకుని మానేసినవాళ్లతో తప్పకుండా మాట్లాడండి.