గప్పీల తోకలు చిరగడం: జబ్బు కాదు, టైగర్ బార్బుల పని

మీ గప్పీల (పెద్ద తోకల చిన్న అక్వేరియం చేపలు) తోకలు చిరిగాయి, ఏం చేయాలని అడిగారు. 60 లీటర్ల ట్యాంకులో ఎనిమిది గప్పీలు, వాటి మధ్యకి రెండు టైగర్ బార్బులు (చారల చేపలు) వదిలారు, మూడో రోజుకే తోకలు చిరిగాయన్నారు. మందు వేయకండి, ఆగండి. తోక అంచు దగ్గరగా చూడండి. నెలవంకలా ముక్క తెగి ఉంటే అది కొరుకుడే. అంచు తెల్లబడి కుళ్లుతున్నట్టుంటే అప్పుడు జబ్బు సంగతి ఆలోచిద్దాం.

టైగర్ బార్బులు కనీసం ఎనిమిది ఉంటే వాటిలో అవే తరుముకుంటాయి. రెండే ఉంటే పక్కవాళ్ల మీద పడతాయి. పైగా గప్పీ తోక జెండాలా ఊగుతుంటే ఊరుకుంటాయా? ఇవాళే షాపులో తిరిగిచ్చేయండి.

వాటి బదులు ఏంజెల్ చేప కూడా వద్దు. రూపాయి బిళ్లంత ఉన్నప్పుడు ముద్దొచ్చి తెచ్చాను. పెరిగాక ఒక పొద్దున చూస్తే ఆరు నియాన్ టెట్రాల్లో (వేలెడంత కూడా ఉండని చిన్న చేపలు) నాలుగే మిగిలాయి. నోట్లో పట్టేదేదైనా దానికి మేతే.

మీది గుంటూరు, బోరు నీళ్లన్నారు కదా. ఆ నీళ్లు గట్టివైతే, అంటే సున్నం లాంటి లవణాలు ఎక్కువుంటే, గప్పీలకి తోడుగా నియాన్ల కంటే ప్లాటీ చేపలు నయం. ఒక మగ, రెండు ఆడ చాలు, పిల్లలు ఎలాగూ పెడతాయి. గోల్డ్‌ఫిష్‌కి చల్లటి నీళ్లు కావాలి, మన మే నెల ఎండలకి ఆ ఊసే ఎత్తకండి.

కొత్తగా తెచ్చిన చేపల్ని రెండు వారాలు వేరే టబ్బులో, స్పాంజ్ ఫిల్టర్ పెట్టి ఉంచండి. ఆ షాపు కవర్లో నీళ్లు మాత్రం ట్యాంకులో పోయకండి.