చలికాలంలో ఇండోర్ ట్రాక్ మీద పరుగు వట్టి హింసేనా? మా టీమ్ పాతిక రిపీట్ల సంగతి

అడిగిన ప్రశ్న: "అమెరికా కాలేజీల్లో లాంగ్ డిస్టెన్స్ రన్నర్లు చలికాలంలో ఇండోర్ ట్రాక్ మీద గుండ్రంగా తిరుగుతూ ప్రాణం పోయేలా ప్రాక్టీస్ చేస్తారట. దానివల్ల నిజంగా లాభం ఉందా?"

ఉంది. హనుమకొండలో ఇంటర్ అయ్యాక డిగ్రీకి మిన్నెసోటాలో ఒక చిన్న కాలేజీలో చేరాను. చదివినన్నాళ్లూ అక్కడి టీమ్‌లో పరిగెత్తాను. అది డివిజన్ త్రీ కాలేజీ, అంటే అమెరికా కాలేజీ ఆటల్లో మూడో స్థాయి. ఆ స్థాయిలో ఆటకి స్కాలర్‌షిప్పులు ఇవ్వరు. అంటే అక్కడ పరిగెత్తేవాళ్లందరూ ఇష్టం కొద్దీ పరిగెత్తేవాళ్లే.

జనవరిలో ఆ ఊళ్లో మైనస్ ఇరవై మామూలు. రోడ్ల మీద మంచు గట్టిపడి ఉంటుంది. మెల్లగా జాగింగ్ చేసుకోవచ్చు గానీ వేగం పెంచితే జారి పడటం ఖాయం. అందుకే స్పీడ్ వర్క్ అంతా లోపలే. సెలవులైపోయి అందరూ తిరిగొచ్చిన మొదటి శనివారం మా టీమ్‌కి ఒక ఆనవాయితీ ఉండేది: 25 సార్లు 400 మీటర్లు, మధ్యలో ఒక్కో నిమిషం రెస్ట్. ఒక్కో 400నీ రిపీట్ అంటాం. ట్రాక్ చుట్టుకొలత 200 మీటర్లు కాబట్టి ప్రతిసారీ రెండు ల్యాపులు. మా గ్రూపు టార్గెట్ 76 సెకన్లు, ల్యాపుకి 38. మొత్తం కలిపి గంటకి కాస్త తక్కువ పడుతుంది. ఉద్యోగాల్లో ఉన్న పాత సీనియర్లు కూడా కార్లు వేసుకుని వచ్చేవాళ్లు, చివరి నాలుగైదింట్లో మాతో కలిసేవాళ్లు.

స్టార్ట్ లైన్ పక్కన ఒక తాడు కట్టి దానికి 25 బట్టల క్లిప్పులు పెట్టేవాళ్లు. ప్రతి రిపీట్‌కీ ఒకరు వంతు ప్రకారం ముందుండి లీడ్ చెయ్యాలి. అయిపోగానే వాళ్లే ఒక క్లిప్పు తీసి బకెట్లో వెయ్యాలి. పన్నెండు అయ్యాక దిశ మార్చి అటు నుంచి ఇటు పరిగెత్తేవాళ్లం. చిన్న ట్రాక్ మీద మలుపులు దగ్గర దగ్గరగా వస్తాయి, పైగా మాది ఫ్లాట్ ట్రాక్, ఎప్పుడూ ఒకవైపే తిరిగితే ఆ భారమంతా ఒకే వైపు కాళ్ల మీద పడుతుంది. మలుపు దగ్గర ఎత్తుగా వాలి ఉండే బ్యాంక్డ్ ట్రాకుల మీద టైములు బాగా వస్తాయి. ఆ తేడాకి అక్కడ కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ వాళ్లు లెక్కగట్టి టైముల్ని సరిచేస్తారు కూడా.

ఒక ఏడాది టెక్సాస్ నుంచి వచ్చిన ఫస్టియర్ కుర్రాడు మా గ్రూపులో ఉన్నాడు. మంచి వేగం ఉన్నవాడు, హైస్కూల్లో 800 మీటర్లు పరిగెత్తేవాడు. మూడో రిపీట్ లీడ్ చేసే వంతు వాడిది. మొదటి ల్యాపు 34లో లాగేశాడు. వెనక ఉన్నవాళ్లం విడిపోయాం. మా కెప్టెన్ వాడి వెంట పడలేదు, 38లోనే ఉన్నాడు, మేమంతా ఆయన వెనక ఉన్నాం. రెస్ట్‌లో వాడి పక్కకి వెళ్లి ఒక్క మాటన్నాడు: "లీడ్ చేసేవాడి వెనక ఎనిమిది మంది ఉంటారు."

అంతే. పదహారో దాని దగ్గర ఆ కుర్రాడు ఆగిపోయాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, లోపలి పొడిగాలికి గొంతు మండి దగ్గుతున్నాడు. ఇండోర్‌లో గట్టిగా పరిగెత్తిన ప్రతివాడికీ ఆ దగ్గు తెలుసు, సాయంత్రం దాకా వదలదు. మా దగ్గర రూల్ ఏమిటంటే, ఒకటి రెండు వదిలేసినా ఎవరూ ఏమీ అనరు, కానీ వెళ్లి కూర్చోకూడదు. లైన్ దగ్గర నిలబడి మిగతావాళ్లకి ల్యాపు టైములు అరిచి చెప్పాలి. వాడు మూడు రిపీట్ల పాటు "థర్టీ ఎయిట్, థర్టీ ఎయిట్" అని అరిచాడు. ఇరవయ్యో దానికి మళ్లీ కలిశాడు. ఇరవై మూడు లీడ్ చెయ్యాల్సిన వాడికి పిక్క పట్టేస్తే, అడక్కుండానే తను ముందుకొచ్చాడు. మొదటి ల్యాపు 38. రెండోది 38. గడియారం చూడకుండా.

ఈ సంగతి ట్రెడ్‌మిల్ నేర్పదు. అక్కడ వేగం మిషన్ చూసుకుంటుంది, మనిషి కాళ్లు ఆడించడమే. వేలకి వేలు పోసి కొన్న స్మార్ట్ వాచీలూ అంతే. పైకప్పు కింద జీపీఎస్ సరిగా అందదు, ట్రాక్ మోడ్ పెట్టినా ఏదో దూరం చూపిస్తుంది. జనవరిలో ఆ గంట గడిపిన టీమ్ మార్చి రేసుల్లో చెదరదని నా గట్టి నమ్మకం. ఎవరు ఏ లెక్కలు చూపించినా మార్చుకోను.

మన దేశపు లాంగ్ డిస్టెన్స్ రన్నర్ గుల్వీర్ సింగ్ 2025 ఫిబ్రవరిలో బోస్టన్ ఇండోర్ ట్రాక్ మీద 5000 మీటర్లు 12 నిమిషాల 59.77 సెకన్లలో పరిగెత్తాడు. అదీ 25 ల్యాపులే. సగటున ల్యాపుకి 31 సెకన్ల పైచిలుకు, నిమిషం రెస్ట్ లేదు, ఏమీ లేదు. మేం 38కి పడ్డ కష్టం తెలుసు కాబట్టి ఆ టైము చూసి లేచి నిలబడ్డాను. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2024లో టెహ్రాన్‌లో ఆసియా ఇండోర్ 60 మీటర్ల హర్డిల్స్ స్వర్ణం గెలిచింది. మన దగ్గర చాలా ఇంటర్ కాలేజీలు అపార్ట్‌మెంట్లలో నడుస్తాయి, గ్రౌండ్ ఉండదు, పీఈటీ ఉండడు. నేను చదివిన చోట మేడ మీద పరిగెత్తితే కింద క్లాసుకి డిస్టర్బెన్స్ అని తిట్టేవాళ్లు. ఇంత కరువులోంచి కూడా పిల్లలు పైకొస్తున్నారంటే, నాలుగు గోడలూ ఒక ట్రాకూ ఇస్తే ఏం చేస్తారో ఆలోచించండి. పరుగంటే బరువు తగ్గడానికే అనుకునే పెద్దలకి ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.

మీరు చేసి చూడాలనుకుంటే పాతికతో మొదలుపెట్టొద్దు. దగ్గర్లో 400 మీటర్ల ట్రాక్ ఉన్న స్టేడియానికి ముగ్గురు నలుగురు కలిసి వెళ్లండి, ఎనిమిది చాలు. మీ 5కే (5 కిలోమీటర్లు) రేసు వేగమే పెట్టుకోండి, అంతకన్నా ఒక్క సెకను కూడా వేగం వద్దు. వంతులు ముందే అనుకోండి. ఆగిపోయినవాళ్లని ఇంటికి పంపకండి, లైన్ దగ్గర నిలబెట్టి టైములు చెప్పించండి.