మోడల్‌లో స్లాబు, సైట్‌లో స్లాబు

ప్రశ్న: ఆర్కిటెక్చర్ పూర్తిచేసి విజయవాడలో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. 11 అంతస్తుల భవనానికి గాజు ఫసాడ్‌ను (బయటి ముఖాన్ని) రెవిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో నేనే మోడల్ చేశాను. అందులోంచి గాజు సైజుల షెడ్యూలు తీసి నేరుగా ఆర్డర్ పెట్టేద్దామని మా సారు అంటున్నారు. బిమ్ మోడల్ (భవనం వివరాలన్నీ ఉండే త్రీడీ కంప్యూటర్ మోడల్) ఇంత కచ్చితంగా ఉన్నాక మళ్లీ సైట్ కొలతలు అవసరమా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఆర్డర్ ఇప్పుడే పెట్టొద్దమ్మా. టఫెన్డ్ గ్లాసును, అంటే వేడిచేసి గట్టిపరిచిన గాజును, కొలిమిలోంచి తీశాక కోయడం కుదరదు, బెజ్జం వేయడం కుదరదు. 5 మిల్లీమీటర్లు ఎక్కువైనా పలక మొత్తం పోయినట్టే.

ఈ పనిలోకి వచ్చిన కొత్తలో గచ్చిబౌలి దగ్గర ఒక 12 అంతస్తుల భవనానికి నేనూ మోడల్‌ని నమ్మి గాజు తెప్పించాను. మోడల్‌లో స్లాబు అంచులన్నీ ఒకే నిలువు గీత మీద ఉన్నాయి. సైట్‌లో పై నుంచి తీగ దించి చూస్తే ఏడో అంతస్తు స్లాబు 38 మిల్లీమీటర్లు ముందుకొచ్చి ఉంది. కాంక్రీటు పోసేటప్పుడు సెంట్రింగు జరిగింది. ఫ్రేమును స్లాబుకు పట్టి ఉంచే మా బ్రాకెట్ సర్దుకోగలిగింది 25 మిల్లీమీటర్లు మాత్రమే. అంచు చెక్కిద్దామంటే, కమ్మి బయటపడుతుందని స్ట్రక్చరల్ ఇంజనీరు ఒప్పుకోలేదు. ఆ వైపు ముఖం మొత్తాన్ని 15 మిల్లీమీటర్లు బయటికి జరిపాం. ముఖం జరిగితే పక్క ముఖంలో మూల గాజు వెడల్పు మారిపోతుంది. అలా రెండు మూలల్లో అంతస్తుకొకటి చొప్పున 24 పలకలు పనికిరాకుండా పోయాయి.

మీది స్టిక్ సిస్టమా (ఫ్రేము ముక్కల్ని సైట్‌లో ఒక్కొక్కటిగా బిగించేది), యూనిటైజ్డా (గాజుతో సహా ఫ్యాక్టరీలో తయారై వచ్చేది)? మీ ఉత్తరంలో రాయలేదు. స్టిక్ అయితే మలియన్లు (నిలువు బద్దలు), ట్రాన్సమ్‌లు (అడ్డ బద్దలు) బిగించాక గడి గడికీ టేపు పట్టి కొలిచి, అప్పుడే గాజు చెప్పాలి. ఈలోగా మీ షెడ్యూలు కొటేషన్లకీ, అల్యూమినియం బార్లు తెప్పించడానికీ బాగా పనికొస్తుంది. యూనిటైజ్డ్ అయితే గాజు ఫ్యాక్టరీలోనే బిగించుకుని వస్తుంది, సైజు మోడల్ నుంచే తీసుకుంటారు, కాబట్టి సైట్‌లో తేడా అంతా బ్రాకెట్టే మింగాలి. టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరంతో ప్రతి అంతస్తు స్లాబు అంచూ సర్వే చేయించి, ఆ పాయింట్లను మోడల్‌లోకి తెచ్చి చూడండి. బ్రాకెట్ పరిధి దాటిన చోట్లు కాంట్రాక్టరు కంటే ముందు మీకే కనబడతాయి.

మీ షెడ్యూలు గురించి నాకు ఇంకో అనుమానం ఉంది. రెవిట్‌లో మామూలు కర్టెన్ వాల్ (గాజు గోడ) ప్యానెల్ మలియన్ అంచు దగ్గరే ఆగిపోతుంది. షెడ్యూలులో వచ్చేది బయటికి కనబడే గాజు కొలత, కోయాల్సిన కొలత కాదు. గాజు ఒక్కో వైపు 15 మిల్లీమీటర్లు ఫ్రేములోకి కూర్చుంటే మీ అంకె 30 తక్కువ చెబుతున్నట్టు. గ్యాస్కెట్ (గాజు చుట్టూ వేసే రబ్బరు పట్టీ), అతుకు ఖాళీ, గాజు కూర్చునే లోతు, ఇవన్నీ రెవిట్ ఫ్యామిలీలో (ప్యానెల్ నమూనా ఫైలులో) పెట్టారేమో ఇవాళే తెరిచి చూడండి. మలియన్ల అతుకు కూడా చూడండి. 3.6 మీటర్ల అల్యూమినియం మలియన్ 50 డిగ్రీల తేడాకి సుమారు 4 మిల్లీమీటర్లు సాగుతుంది. జనవరి తెల్లవారుజాముకీ మే నెల మధ్యాహ్నానికీ మధ్య, ఎండలో కాలే ముదురు రంగు ఫ్రేముకు అంత తేడా రావడం మీ ఊళ్లో వింతేం కాదు.

ఇదంతా విని మోడల్ మీద ఆశ వదులుకోకండి. పారిస్‌లో 2014లో తెరిచిన లూయీ విటాన్ ఫౌండేషన్ భవనం చూడండి. ఫ్రాంక్ గేరీ డిజైన్. 12 గాజు తెరచాపలకి 3,600 గాజు పలకలు, లోపలి తెల్లటి గోడలకి 19,000 ఫైబర్ కాంక్రీటు పలకలు. వంపు చోటుచోటుకీ మారుతుంది కాబట్టి ఒకే సైజు పలకలు చేసి అంతటా పరిచే వీలు లేదు. ఆర్కిటెక్టులు, ఇంజనీర్లు, పలకలు తయారుచేసేవాళ్లు ఒకే త్రీడీ మోడల్ మీద పనిచేశారు కాబట్టే అది లేచింది. నాకు ఈ పని మీద ప్రేమ పుట్టించిన భవనాల్లో అదొకటి.

మీ సారుకి ఇలా చెప్పి చూడండి: అల్యూమినియం ఇప్పుడు, గాజు మాత్రం సైట్ కొలతలు తీశాక. అప్పుడు కూడా మూల పలకల్ని పక్కన పెట్టి, రెండు ముఖాల ఫ్రేములూ బిగిసిన తర్వాతే వాటి కొలత ఇవ్వండి.