బీట్‌మేనియా గేమ్‌లో మీట నొక్కితే వినపడేది ఏమిటి?

"జపాన్ గేమ్ సెంటర్లలో ఉండే బీట్‌మేనియా సిరీస్ గురించి, తయారీ వెనక సంగతులు ఏమైనా తెలిస్తే చెప్పండి" అని అడిగారు. ఉద్యోగరీత్యా టోక్యోలో ఉంటున్నాను. ఇక్కడికి వచ్చాక పట్టుకున్న అలవాట్లలో ఇదే గట్టిది. సాయంత్రం ఆఫీసు అయ్యాక 100 యెన్ల నాణేలు జేబులో వేసుకుని వెళ్ళిపోతాను. కాబట్టి ఆడేవాడిగా నాకు తెలిసింది, నేను గమనించింది చెప్తాను.

ముందు తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. కొనామీ కంపెనీ 1997 డిసెంబర్‌లో బీట్‌మేనియా అనే ఈ సంగీతపు ఆటను ఆర్కేడ్‌లలోకి, అంటే నాణెం వేసి ఆడే గేమ్ సెంటర్లలోకి దించింది. ఐదు మీటలు, పక్కన డీజేలు తిప్పే టర్న్‌టేబుల్ లాంటి ఒక పళ్ళెం. 1999లో ఏడు మీటలతో బీట్‌మేనియా టూ డీఎక్స్ వచ్చింది. కింద నాలుగు తెల్లవి, పైన మూడు నల్లవి, పళ్ళెం మామూలే. ఇప్పుడు గేమ్ సెంటర్లలో కనిపించేది ఇదే. తెర పైనుంచి చిన్న చిన్న పట్టీలు దిగుతుంటాయి, అవి కింది గీతను తాకే క్షణంలో ఆ మీట నొక్కాలి. పాప్‌న్ మ్యూజిక్, డాన్స్ డాన్స్ రెవల్యూషన్, గిటార్‌ఫ్రీక్స్ అన్నీ ఈ ఇంటివే. వీటన్నిటినీ కలిపి బెమానీ అంటారు.

ఇక అసలు సంగతి. చాలామంది ఈ గేమ్‌లో పాట ఎటూ మోగుతూ ఉంటుంది, మనం దానికి తగ్గట్టు నొక్కుతాం అనుకుంటారు. కాళ్ళతో తొక్కే డాన్స్ మెషీన్‌లో జరిగేది అదే. మీరు అడుగు వేసినా వేయకపోయినా పాట సాగిపోతుంది. బీట్‌మేనియాలో అలా కాదు. పాటను వందల ముక్కలుగా కోస్తారు. ఒక డ్రమ్ దెబ్బ, ఒక పియానో స్వరం, గాయని గొంతులో ఒక చిన్న మాట. ఆ ముక్కల్లో కొన్ని వెనకాల వాటంతట అవే మోగుతాయి. మిగతావి పైనుంచి దిగే పట్టీలకు అంటించి ఉంటాయి. మీరు నొక్కితేనే ఆ ముక్క మోగుతుంది, ఆలస్యంగా నొక్కితే ఆలస్యంగా మోగుతుంది. అసలు నొక్కకపోతే పెళ్ళి మేళంలో డోలు వాయించేవాడు చెయ్యి ఆపినట్టు, పాట నడుస్తుంది గానీ మధ్యలో బొక్క పడుతుంది.

ఇంకో తమాషా ఉంది. పట్టీ ఏదీ రానప్పుడు ఊరికే మీట నొక్కి చూడండి, అప్పుడూ ఏదో ఒక శబ్దం వస్తుంది. పాట నడుస్తున్న కొద్దీ ఏ మీట కింద ఏ ముక్క ఉండాలో లోపల మారుతూనే ఉంటుంది. మొదట్లో డ్రమ్‌లా మోగిన మీటే చివర్లో వయొలిన్ పలుకుతుంది.

నాకు ఇది చెవికెక్కేలా చేసింది ఇక్కడ తరచూ కలిసే ఒక పెద్దాయన. మెషీన్ మీద ఆడే మీటలు కాక, పైకీ కిందికీ జరిపే మీటలు ఐదు ఉంటాయి, వాటిలో ఒకటి మన నొక్కుళ్ళ శబ్దం ఎంత ఉండాలో చెప్పేది. "ఇది పైకి జరపండి, మీ చేతులు ఏం చేస్తున్నాయో మీకే వినపడుతుంది" అన్నారాయన. కొత్త మెషీన్లలో హెడ్‌ఫోన్ పెట్టుకునే వీలుంది కాబట్టి చుట్టూ ఉన్న గోల అడ్డం రాదు. పెట్టుకుని విన్నాను. డ్రమ్ముల వెనక నా పియానో స్వరాలు వెంట్రుకవాసి వెనకబడి పడుతున్నాయి. తెర మీద మాత్రం 'గ్రేట్' అనే వస్తోంది. అన్నిటికన్నా పై మార్కు రావాలంటే అటూ ఇటూ సెకనులో అరవయ్యో వంతు లోపల నొక్కాలి. ఆ తేడాను కంటితో పట్టుకోవడం నా వల్ల కాలేదు గానీ చెవి ఇట్టే పట్టేసింది. కొత్తగా ఆడేవాళ్ళెవరు అడిగినా నేను ముందు చెప్పేది ఈ జరిపే మీట గురించే.

ఇప్పుడు తయారుచేసేవాళ్ళ వైపు నుంచి చూడండి. ఈ గేమ్‌కి పాట కట్టడం అంటే బాణీ కట్టి పంపడంతో అయిపోదు. ఆ పాటను విడగొట్టాలి, ఏ ముక్క చేతికి ఇవ్వాలో, ఏది వెనక వదలాలో తేల్చాలి. తేలిక స్థాయిలో నాలుగు డ్రమ్ దెబ్బలు మనకిచ్చి మిగతాదంతా మెషీనే వాయించుకుంటుంది. అదే పాటను 'అనదర్' అనే కష్టమైన స్థాయిలో తీస్తే వెనక దాక్కున్న వాయిద్యాలన్నీ మీ వేళ్ళ మీదకు వచ్చి పడతాయి. ఒకే పాటను తేలిక నుంచి కష్టం దాకా వరసగా ఆడితే, దాన్ని ఎలా కట్టారో పొరలు పొరలుగా తెలుస్తుంది. నాకైతే ఈ సిరీస్‌లో ఇంతకన్నా ముచ్చటైన విషయం లేదు. 2001లో వచ్చిన టూ డీఎక్స్ ఐదో వెర్షన్ ఫిఫ్త్ స్టైల్‌లో 'వి' అనే పాట ఉంది, పాతకాలపు ఇటలీ స్వరకర్త వివాల్డీ రాసిన నాలుగు ఋతువుల సంగీతంలో శీతాకాలం భాగాన్ని టెక్నో అనే ఎలక్ట్రానిక్ శైలిలోకి తెచ్చారు. ఇలాంటివి పైపైన వింటే హడావుడిగానే ఉంటాయి. ఆడినప్పుడే అందులో అల్లిక ఎంత ఉందో తెలుస్తుంది.

ఆ పాట కట్టినాయన పేరు తకయుకి ఇషికావా, టాకా అంటారు. ఇక్కడే మారుపేర్ల గొడవ మొదలవుతుంది. 2002లో 'ఎ', 2004లో 'ఎఎ' అనే రెండు పాటలకు డీజే అమురో అని పేరు పడింది. అదీ ఆయనే. డాన్స్ డాన్స్ రెవల్యూషన్‌కి పాటలు కట్టిన నవోకి మయెదా అయితే ఇంకా ముందుకెళ్ళారు. 'పారనోయా' పాటకు కళాకారుడి పేరు 180 అని వేసుకున్నారు, ఎందుకంటే ఆ పాట వేగం నిమిషానికి 180 దెబ్బలు. 2001లో వచ్చిన 'మ్యాక్స్ 300' కు ఒమేగా అనే గ్రీకు అక్షరం పెట్టుకున్నారు. జాబితా చూస్తే పెద్ద సంగీత బృందం ఉన్నట్టు కనిపిస్తుంది, తీరా చూస్తే అవే నాలుగు చేతులు. ఒక్కో పేరుకు ఒక్కో శైలి ఉండటం వల్ల, కొత్త పేరు పడగానే ఇది ఎవరిది అయ్యుంటుందా అని ఆడేవాళ్ళు బాణీని బట్టి పోల్చుకుంటూ కూర్చుంటారు. ఆ చర్చ నాకు ఎప్పుడూ విసుగు పుట్టలేదు.

మెషీన్ లోపలి సంగతి కూడా ఒకటి చెప్పాలి. 2002 నాటి ఎయిత్ స్టైల్ వరకు టూ డీఎక్స్ గుండెకాయ ప్లేస్టేషన్ తరహా హార్డ్‌వేరే. పాట వెనక కదిలే వీడియోలు మాత్రం అందులోంచి వచ్చేవి కావు. డబ్బా లోపల విడిగా ఒక డీవీడీ ప్లేయర్ పెట్టి, దానిలోంచి ఆడించేవారు. 2003లో నైన్త్ స్టైల్‌తో మొత్తం విండోస్ పీసీ మీదకు మారింది. 2019లో వచ్చిన లైట్నింగ్ మోడల్‌లో తెర సెకనుకు 120 ఫ్రేములు చూపిస్తుంది. పాతదానికి అలవాటుపడి కొత్తదాని ముందు నిలబడితే పట్టీలు నూనె రాసినట్టు జారుతాయి.

చివరగా, కంపెనీ బయట జరిగిన కథ. 1998లోనే ఉరావో యానే అనే జపాన్ ప్రోగ్రామర్ ఇంటి పీసీలో బీట్‌మేనియా తరహా ఆట ఆడుకోవడానికి బీఎంఎస్ అనే ఫైల్ పద్ధతి తయారుచేశారు. మామూలు టెక్స్ట్ ఫైల్, అందులో ఏ శబ్దం ఏ మీటకు ఎప్పుడు రావాలో రాసి ఉంటుంది. ఒక్కో శబ్దానికి అంకెలు, ఇంగ్లిష్ అక్షరాలతో రెండక్షరాల గుర్తు, ఆ లెక్కన ఒక పాటకు వెయ్యికి పైగా ముక్కలు పడతాయి. ఇంట్లో కూర్చుని ఎవరైనా పాట కట్టి, ముక్కలు చేసి, పంచుకోవచ్చు. 2004 నుంచి వీటికి పెద్ద పోటీ కూడా జరుగుతోంది. అలా సరదాగా మొదలుపెట్టినవాళ్ళు కొందరు తర్వాత అసలు ఆర్కేడ్ గేములకే పాటలు ఇచ్చారు. 2012లో మొదలైన సౌండ్ వోల్టెక్స్ అనే మరో ఆర్కేడ్ సంగీతపు ఆట కోసం కొనామీ పాటల్ని, బొమ్మల్ని జనం నుంచే అడిగి తీసుకుంది.

బీఎంఎస్ పాటలు చాలావరకు ఉచితం, పీసీ కీబోర్డుతోనే ఆడొచ్చు. ఒక ఫోల్డర్ దించుకుని తెరిచి చూడండి, లోపల ఆ వందల శబ్దాల ఫైళ్ళు విడివిడిగా కనిపిస్తాయి. వాటిని ఒక్కొక్కటిగా విని, ఆ తర్వాత పాట ఆడండి.