సొంతంగా చేసిన అనువాదాన్నే డిసర్టేషన్‌గా (డిగ్రీ కోసం సమర్పించే పరిశోధన వ్యాసంగా) ఇవ్వవచ్చా?

అనువాదం ఒక్కటే ఇస్తే సాధారణంగా సరిపోదు. ఒక పరిశోధన ప్రశ్న, దానికి జవాబు వెతికిన విశ్లేషణ ఉంటేనే అది అనువాద అధ్యయనాల్లో డిసర్టేషన్ అవుతుంది. కొన్ని విశ్వవిద్యాలయాలు అనువాదాన్ని అనుమతిస్తాయి, కానీ దానితోపాటు వివరమైన వ్యాఖ్య కూడా అడుగుతాయి.

ఎందుకంటే అనువాదంలో మన నేర్పు కనిపిస్తుంది, ఆ నేర్పు వెనక నిర్ణయాలు కనిపించవు. ఫలానా మాటే ఎందుకు పెట్టారు, దానివల్ల ఏం నిలిచింది, ఏం జారిపోయింది అన్నది ఇంకొకరు పరీక్షించి చూసుకోగలిగేలా రాయడమే పరిశోధన.

తెలుగు కథల్లో ‘మీరు’, ‘నువ్వు’ సంగతే తీసుకోండి. అంతసేపూ ‘మీరు’ అంటున్న కోడలు కోపం పట్టలేక అత్తగారిని ఒక్కసారి ‘నువ్వు’ అనేస్తే కథ అక్కడే మలుపు తిరుగుతుంది. ఇంగ్లిష్‌లో రెండూ ‘యూ’యే. మరి ఆ దెబ్బను అనువాదకులు ఎలా చూపించారు? పిలుపు మార్చారా, వాక్యం కటువుగా విరిచారా, వదిలేశారా? నాలుగైదు కథలను వాటి అనువాదాలతో పక్కపక్కన పెట్టి చూస్తే ఎంఏకి చక్కటి అంశం. ఇలాంటి చిన్న ప్రశ్నే లోతుకు తీసుకెళ్తుంది.

చాలామంది పొరబడేది ఇంకొకటుంది: అచ్చయిన అనువాదంలో తప్పులు ఏరితే పరిశోధన అయినట్టే అనుకుంటారు. అది తప్పుల పట్టికే అవుతుంది. అనువాదకుడు అలా ఎందుకు చేశాడో, ఎవరి కోసం చేశాడో, ప్రచురణకర్త కోరినదేమిటో అడిగినప్పుడే ఆ ‘తప్పు’ ఆధారంగా మారుతుంది. మౌఖిక అనువాదం (ఒకరి మాటల్ని నోటితోనే మరో భాషలో చెప్పడం) మీద పనిచేసేవారికీ ఇదే వర్తిస్తుంది. వారు రికార్డింగుకు ముందే మాట్లాడేవారి అనుమతి కూడా తీసుకోవాలి.