చీకిపోయిన డెక్కు మూత: మేనల్లుడికి ఉత్తరం

విజయవాడ

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీ పడవలో ఇంజను మీది డెక్కు మూత కాలు పెడితే దిగుతోందనీ, కొత్త ప్లైవుడ్ ముక్క వేసి చుట్టూ సిలికాన్ పూసేద్దామనుకుంటున్నాననీ రాశావు. అలా చెయ్యకురా. నీళ్లు ఎటునుంచి దిగాయో తేల్చకుండా ముక్క మారిస్తే కొత్తదీ చీకుతుంది. మన కృష్ణలో తిరిగే పడవలకి ఈ బెడద ఎక్కువ. చెక్కను తినే బూజుకి ఉప్పునీళ్లు అంతగా పడవు, వాననీళ్లూ ఏటినీళ్లూ బాగా పడతాయి. చెక్కలో తేమ నూటికి 20 పాళ్లు దాటి, కాస్త గాలి తగిలితే దానికి చాలు.

మూత అంటే పైనా కిందా ఫైబర్‌గ్లాసు పొరలు, వాటి నడుమ ప్లైవుడ్. నీళ్లు ఫైబర్ పొర నడిమధ్య నుంచి దిగడం అరుదు. బందుల స్క్రూలు, గొళ్లెం స్క్రూలు, మూత అంచులు, ఈ మూడింటిని అనుమానించు. స్క్రూ చుట్టూ సందు మూసే సీలెంట్ ఎండి విడిపోయాక ప్రతి వానకీ చుక్క చుక్క లోపలికి పోతుంది, బయటికి రావడానికి మాత్రం దారి ఉండదు.

ముందు స్క్రూడ్రైవర్ పిడితో మూతంతా తట్టి చూడు. గట్టి చోట ఖంగుమంటుంది, చీకిన చోట మొద్దుగా పలుకుతుంది. సుద్దతో గీసుకో. తర్వాత కిందివైపు నుంచి 3 ఎంఎం బిట్‌తో అక్కడక్కడా బెజ్జాలు వేసి పొట్టు చూడు. తెల్లగా పొడిగా రాలితే మంచి చెక్క. నల్లగా ముద్దలా బిట్‌కి అంటుకుంటే చీకు. మంచి చెక్క తగిలాక కూడా ఇంకో రెండంగుళాలు లోపలికి వెళ్లి కొయ్యాలి, ఎందుకంటే బూజు కంటికి కనపడేదానికంటే ముందే పాకి ఉంటుంది. మూత కింద డెక్కు రంధ్రం అంచుని కూడా ఇలాగే పరీక్షించు. అదీ చీకితే మూత ఒక్కటే బాగుచేసి లాభం లేదు.

మూత ఊడదీసి బోర్లా వేసి, కింది ఫైబర్ పొరనే కొయ్యి. పై పొర జోలికి వెళ్లకు, దాని ఆకారం, కాలు జారకుండా ఉండే గరుకు నీకు మళ్లీ రావు. అంచు నుంచి 40 ఎంఎం వదిలి, గ్రైండర్ పల్చటి డిస్కుతో పొర మందం మేరకే, అంటే 2, 3 ఎంఎం లోతు కొయ్యి. నిండు చేతుల చొక్కా, మాస్కు, కళ్లద్దాలు లేకుండా గ్రైండర్ ముట్టుకోవద్దు. ఫైబర్ దుమ్ము ఊపిరితిత్తులకి చేటు.

చీకు గీకేశాక తొందరపడకు. తడి మీద ఎపాక్సీ, అంటే రెజిన్, హార్డెనర్ కలిపితే గట్టిపడే జిగురు, పట్టదు. రెండు మూడు రోజులు ఎండబెట్టి, మిగిలిన చెక్క మీద జానెడు ప్లాస్టిక్ ముక్కని నాలుగువైపులా టేపుతో అంటించి రాత్రంతా ఉంచు. పొద్దున దాని లోపల చెమ్మ కనిపిస్తే ఇంకా ఎండాలి.

కొత్త ముక్కకి ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ తీసుకో. మామూలు కమర్షియల్ ప్లై వద్దు, నీళ్లు తగిలితే దాని పొరలు విడిపోతాయి. పాత చెక్క మందం 12 ఎంఎం అయితే అదే మందం. మూత వంపు తిరిగి ఉంటే 6 ఎంఎంవి రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి. చుట్టూ 3 ఎంఎం ఖాళీ వదులు. కోసిన అంచులు రెజిన్‌ని బాగా తాగుతాయి కాబట్టి అక్కడ రెండు మూడు పూతలు తప్పవు.

రెండడుగుల చదరం మూతకి రెజిన్, హార్డెనర్ కలిపి 2 కిలోలు సరిపోతాయి. పాళ్లు డబ్బా మీద ఉన్నట్టే, వంటింటి త్రాసులో తూచి కలుపు. త్వరగా గట్టిపడుతుందని హార్డెనర్ ఎక్కువ పోస్తే అది ఎప్పటికీ సరిగా గట్టిపడదు. ఒక్కసారి 200 గ్రాములకి మించి కలపకు, కలిపింది వెడల్పు పళ్లెంలోకి వంచు. లోతు గ్లాసులో ఉంచితే దాని వేడికి అదే పొగలు కక్కుతుంది. పది డిగ్రీలు పెరిగితే చేతిలో ఉన్న సమయం సుమారు సగానికి పడిపోతుంది. అందుకే మన ఊళ్లో ఈ పని సంక్రాంతికీ ఉగాదికీ మధ్య పెట్టుకోవాలి, రోహిణి కార్తెలో కాదు. పూతలు సాయంత్రం నాలుగు తర్వాత మొదలుపెట్టు. పొద్దున పూస్తే చెక్క వేడెక్కేకొద్దీ అందులోని గాలి బుడగలై రెజిన్‌లోంచి తన్నుకొస్తుంది. రాత్రి మంచు పడకుండా కప్పి ఉంచు.

ముక్క అతికించడానికి రెజిన్‌లో సిలికా పొడి కలిపి గారెల పిండిలా, గరిటె తిప్పినా జారనంత గట్టిగా చెయ్యి. పళ్ల తాపీతో పరుచు. ముక్కకి అరచేయి ఎడంలో 5 ఎంఎం బెజ్జాలు వేసి ఉంచు, వాటిలోంచి ముద్ద పైకి వచ్చిందంటే కింద గాలి మిగల్లేదని అర్థం. ఇసుక సంచులతో రాత్రంతా అదిమి ఉంచు.

మర్నాడు కోసిన ఫైబర్ పొర అంచుల్ని 35 ఎంఎం వెడల్పున ఏటవాలుగా గ్రైండ్ చేసి, నేసిన గ్లాసు గుడ్డ రెండు పొరలు వెయ్యి. తరిగిన పోగుల మ్యాట్ ఇక్కడ వద్దు. అందులోని జిగురు కరగడానికి పాలియెస్టర్ రెజిన్ కావాలి, ఎపాక్సీలో అది కరగదు. గట్టిపడ్డాక పైన మైనంలా జిడ్డు తేలితే నీళ్లూ పీచూ వేసి కడుగు, లేకపోతే రంగు పట్టదు. పైన లేతరంగే వెయ్యి. మే ఎండకి నల్లటి మూత ఎపాక్సీని మెత్తబరిచేంత వేడెక్కుతుంది.

ఇప్పుడు అసలు పని, బెజ్జాలు. 6 ఎంఎం బోల్టుకి ముందు 12 ఎంఎం బెజ్జం వేసి, కింద టేపు వేసి, గట్టి ఎపాక్సీతో నింపు. ఒక రోజు ఆగి దాని నడిమధ్యలో 6 ఎంఎం బెజ్జం వెయ్యి. ఇక బోల్టు పక్కన నీళ్లు దిగినా చెక్కకి తగలవు. పైఅంచుని కొంచెం గిన్నెలా గుంట చెయ్యి, అక్కడ సీలెంట్ ఉంగరంలా నిలబడుతుంది. బందులకి స్క్రూలు మాని, కింద పలక పెట్టి బోల్టులు బిగించు. మన నీళ్లకి 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు చాలు. హంసలదీవి వైపు ఉప్పునీళ్లలోకి వెళ్లే పడవ అయితే 316 కావాలి.

సీలెంట్‌గా పాలీయూరెథేన్ వాడు. సిలికాన్ ఒకసారి పూశావంటే తర్వాత ఆ చోట ఏ రంగూ ఏ జిగురూ నిలవదు, పాతది ఉంటే గీకి తియ్యి. మొదట సీలెంట్ పొర 2 ఎంఎం మిగిలేలా మెల్లగా బిగించు. గట్టిపడ్డాక బోల్టు తల కదలకుండా పట్టుకుని నట్టు మాత్రం తిప్పు. తల తిప్పితే సీలు చిరుగుతుంది.

మూత అంచు ఆనే గాడిలో పాత రబ్బరు పీకి శుభ్రం చేశాక ఆటోనగర్‌లో ఈపీడీఎం బీడింగు, అంటే ఆ రకం రబ్బరు పట్టీ, కొను. మూత మూస్తే దాని మందంలో మూడో వంతు నలిగేది కావాలి. అతుకు మూలలో రాకూడదు, బందుల వైపు నిట్టనిలువుగా కోసి అంటించు. అంచు మీద సుద్ద రాసి మూసి తెరిస్తే రబ్బరు మీద గీత తెగకుండా పడాలి. తెగిన చోట సందు ఉంది. గాడి నీళ్లు పోయే బెజ్జం ఆకులతో మూసుకుంటే ఏ రబ్బరూ ఆపలేదు, నెలకోసారి తీగతో పొడువు.

చివరగా లోపల పాత పేపర్లు పరిచి, గొట్టంతో నీళ్లు కింది నుంచి పైకి కొడుతూ రా. పేపరు ఎక్కడ తడిస్తే అక్కడే సంగతి.

పని నడుస్తున్నన్నాళ్లూ ఇంజను మీద టార్పాలిన్ గట్టిగా కట్టు. గాడి లోతు, వెడల్పు కొలిచి నాకు రాయి, బీడింగు సైజు చెబుతాను.

మీ మావయ్య