లైబ్రరీ కేటలాగ్‌లో రచయిత అసలు పేరు వేస్తారా, కలం పేరా?

పుస్తకాల మీద ఎక్కువగా కనిపించే పేరే వేస్తారు, అది కలం పేరైనా సరే. ఎందుకంటే ఏ పేరు కొట్టి వెతికినా ఆ మనిషి పుస్తకాలన్నీ ఒకేచోట రావాలి కదా, అందుకని ఒక్కో రచయితకి విడిగా ఒక అథారిటీ రికార్డు (అంటే ఆ రచయిత పేర్లన్నీ ఒకచోట రాసి పెట్టుకునే రికార్డు) పెట్టి, ఖాయం చేసిన పేరు 100 అనే నంబరున్న ఫీల్డ్‌లో (గడిలో), మిగతా పేర్లు, స్పెల్లింగులు అన్నీ 400 నంబరు ఫీల్డుల్లో ఎక్కిస్తారు. ఉదాహరణకి అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో రచయిత మార్క్ ట్వెయిన్‌కి హెడింగ్ (ఖాయం చేసిన పేరు) ‘ట్వెయిన్, మార్క్, 1835-1910’ అని ఉంటుంది, అసలు పేరు శామ్యూల్ లాంగ్‌హార్న్ క్లెమెన్స్ అని వెతికినా అక్కడికే పంపిస్తుంది. చాలామంది ఆ సంవత్సరాలేవో రచయిత పరిచయం కోసం వేశారనుకుంటారు, కాదు, అదే పేరున్న ఇంకొకళ్ళతో కలిసిపోకుండా వేసేవి అవి, తేదీలు దొరక్కపోతే వృత్తి లాంటిదైనా తగిలిస్తారు.